స్తాన చెప్పని మాట

రెండేళ్ళుగా లోకమంతా తన్నుకు చస్తుంటే మన రుమేనియా మాత్రం గట్టు మీద కూర్చుంది. ఆ రెండేళ్ళూ స్తాన రోజూ రాజుగారి పేరు చెప్పి శిలువ గుర్తు వేసుకుంది. వేసుకోదూ మరి? పెద్దకొడుకు తోమా, కొండ కనుమ అవతలి పిల్లను చేసుకుని ఇల్లరికం వెళ్ళాడు. అవతలా ఉండేది మనవాళ్ళే, రాజ్యం మాత్రం హంగరీ వాళ్ళది. ఆ హంగరీ వాళ్ళు వాడి చేతికి తుపాకి ఇచ్చి సరిహద్దు కాపలాకు నిలబెట్టారు. చిన్నవాడు లుపు ఇవతల మన కాపలాలో ఉన్నాడు. అన్నదమ్ములిద్దరూ సరిహద్దు రాయి దగ్గర ఒకే పొగాకు పంచుకునేవారు.

"నీకేమమ్మా, రెండు రాజ్యాల సైన్యమూ నీదే!" అని ఊళ్ళో ఆడవాళ్ళు వేళాకోళం చేసేవారు.

1916లో, మరియమాత పండగ ముందురోజు సాయంత్రం, పెద్దాడికి రొట్టెలు పట్టుకుని స్తాన కొండెక్కింది. లుపు దారికి అడ్డం వచ్చాడు. వాడి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అమ్మా, అన్నను ఇప్పుడే ఇంటికి తీసుకొచ్చెయ్. ఎందుకని అడక్కు."

"మనమూ దిగుతున్నామా యుద్ధంలోకి?"

వాడు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ మాట మాత్రం వాడికి చెప్పకే. వాడి సంగతి నీకు తెలీదా? తోటివాళ్ళని వదిలి రాడు, వాళ్ళకీ చెప్పేస్తాడు. ముందు వెళ్ళేది మేమే. పిట్టల్ని కాల్చినట్టు కాల్చేస్తారు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. స్తాన రాయి దాటింది.

"పద నాయనా, పండక్కి ఇంటికి."

"కాపలా వదిలేసా? మతిపోయిందేంటే నీకు?" రొట్టె లాక్కుని కొరికాడు తోమా. "పొద్దున్నే వస్తాగా!"

"నాకు ఒంట్లో బాగాలేదురా."

"నిక్షేపంలా కొండెక్కి వచ్చావు! నామీద బెంగ, అంతేగా?" అని నవ్వాడు.

మాట గొంతుదాకా వచ్చింది. చెప్తే చిన్నాడు పోతాడు. చెప్పకపోతే, ఏమో, పెద్దాడు పట్టుబడి బతికిపోవచ్చు. దేవుడా, కన్నతల్లికి పెట్టాల్సిన పరీక్షా ఇది? స్తాన వాడి చెంప తడిమి, వెనక్కి తిరిగి చూడకుండా దిగివచ్చింది.

తెల్లారేసరికి గుడి గంటలు మోగాయి. "కొండ అవతలి మన అన్నదమ్ముల్ని విడిపించడానికి కదిలాం!" అని పాదిరిగారు కేక పెట్టారు. ఆడపిల్లలు సిపాయిల టోపీల్లో పూలు గుచ్చారు. అంతలో లుపు అన్నను భుజాన వేసుకుని కొండ దిగాడు.

"చీకట్లో అందరం కాల్చామమ్మా. ఎవడి గుండో తెలీదు. నాదేనేమో," అని కుప్పకూలాడు.

స్తాన పెద్దవాడి జుట్టులో మట్టి దులిపింది. "నీది కాదురా. నిన్న నేను నోరు మూసుకున్నాను చూడూ, అప్పుడే పోయాడు వాడు."

దండు ముందుకు సాగుతోందని లుపును పిలిచారు. స్తాన రెండు చేతులా వాడి చొక్కా పట్టేసింది.

"ఒకణ్ణి ఇచ్చి వీణ్ణి దక్కించుకున్నాను! వీణ్ణి ఇవ్వను! చచ్చినా ఇవ్వను!"

ఇద్దరు సిపాయిలు వచ్చి ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విప్పారు.