కత్తి తగలని డైరీ

మా ఆయన బాల్‌రాజ్‌కు పాత డైరీలంటే పిచ్చి. తను రాసుకున్నవి కావు, ఎన్నడో ఇంగ్లీషు దొరలు, దొరసానులు రాసుకున్నవి. అవి పుస్తకమై మొట్టమొదటిసారి అచ్చయిన ప్రతులే కావాలె. రెండో అచ్చయితే ముట్టుకోడు. దిల్‌సుఖ్‌నగర్‌ల మాది రెండు గదుల ఇల్లు. చుట్టాలొస్తే హాల్ల పండాలె, దొరసానులు మాత్రం లోపల ఏసీల! పోనీ ఒక్కటన్న చదివిండా అంటే, రామరామ!

అన్నిట్ల ముద్దుది మచిలీపట్నం దొరసాని డైరీ. 1868ల అచ్చయింది. అప్పట్ల పెద్ద కాగితాలు మడిచి కుట్టేటోళ్లు, అంచులు కొన్నోళ్లే కత్తితోని కోసుకోవాలె. దీన్ని గిన్నేండ్ల సంది ఎవ్వరు కోయలే. "అదే దాని గొప్ప, అండాలూ" అంటడు. చదవకపోవుడు గొప్పనంట!

నేను ఇంగ్లీషు టీచర్‌గ చేసి రిటైరయిన. ఊకుంటనా? ఆయన బయటికి పోంగనే మడతలల్లకు తొంగి చూసుకుంట రెండు నెలలు చదివిన. ఒకకాడ దొరసాని ఐదేండ్ల బిడ్డకు జ్వరమొచ్చింది. తొమ్మిదో రోజు కండ్లు తెరుస్తలేదని రాసింది. తర్వాతి పేజీలు మడత లోపలికి పడ్డయి, ఎంత తిప్పలు పడ్డా కనబడలే.

ఆదివారం నెత్తిన పిడుగు పడ్డది. విజయవాడ నుంచి గౌతమ్ అని ఇంకో పిచ్చాయన వస్తుండంట. తన దగ్గరున్న డైరీ ఒకటిచ్చి దీన్ని తీస్కపోతడంట! ఆయనను తోల్కరానీకి మా ఆయన ఎల్‌బీ నగర్ పోయిండు. వాళ్లొచ్చేలోపు చూడకపోతే ఆ బిడ్డ సంగతి నాకు ఇగ ఎన్నటికీ తెల్వది. ఏమైతే అదైతదని కూరగాయల కత్తి తీసిన.

గౌతమ్ పుస్తకం తెరిచి, కోసిన అంచులు చూసి, చాయ్ గూడ తాగకుండ లేచిండు. మా ఆయన మొకం మాడిపోయింది.

"గింత పని చేస్తవా? ఇరవై ఏండ్లు పాణం లెక్క కాపాడుకున్న!" అని లొల్లి పెట్టిండు.

తప్పు నాదే, ఒప్పుకుంట. కానీ మళ్ల గట్లనే అయితే మళ్ల కోస్త.

అన్నం ముంగట గూడ అలిగే కూసున్నడు. రెండు బుక్కలు తిని, నా దిక్కు చూడకుంటనే అడిగిండు.

"కత్తి పట్టేంత ఏమున్నది అండ్ల?"

జ్వరం సంగతంత చెప్పిన. తొమ్మిదో రోజుకాడ ఆగి, జర సతాయిద్దామని పప్పు తేనీకి లేచిన.

"పప్పు గిప్పు ఒద్దు! బిడ్డ బతికిందా?"

"బతికింది. లేచి పాలు అడిగింది."

ఆయన చెయ్యి కంచంలనే ఆగింది. కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

"ఇరవై ఏండ్ల సంది ఆ పిల్లను నా అల్మారల జ్వరంతోనే పండబెట్టిన గదనే" అన్నడు.