తొమ్మిదిమంది ఏనుగు

భవానీపురంలోని ఆ ప్రైవేటు హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్ సుబ్బరత్నం గారు ఏప్రిల్ నెలాఖరుకి రిటైరవుతున్నారని తెలిసిన దగ్గర్నుంచి స్టాఫ్ రూములో ఒకటే చర్చ, ఆవిడకి ఏమివ్వాలని. శాలువా అన్నారు, వెండి కుంది అన్నారు, గోడ గడియారం అన్నారు. గడియారాలు ఆవిడకి ఇప్పటికే నాలుగున్నాయని ఎవరో గుర్తుచేశారు. డ్రాయింగ్ టీచరు రామతులసి అప్పటిదాకా కిటికీ పక్కన కూర్చుని పిల్లల బొమ్మల పుస్తకాలు దిద్దుకుంటోంది. తల ఎత్తకుండానే, "మనందరం కలిసి ఆవిడకి ఏనుగైపోతే ఎలా ఉంటుంది?" అంది.

అందరూ నవ్వారు. తులసి మాత్రం నిజంగానే అంది. ఆమె కొండపల్లిలో బొమ్మలు చేసేవాళ్ల ఇంట్లో పుట్టింది. వాళ్ల తాత ఒక చెక్కపెట్టె మూత మీద నవనారీ కుంజరం వేశాడు. తొమ్మిదిమంది ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు వాలి, వంగి, చేతులు పెనవేసుకుని ఏనుగైపోతారు. దూరం నుంచి చూస్తే ఏనుగు, దగ్గరికొస్తే చీరలు, జడలు, గాజులు. దాని మీద చెరకువిల్లు పట్టుకుని మన్మథుడు ఊరేగుతుంటాడు. చిన్నప్పుడు తులసి ఆ మూత ముందు బోర్లా పడుకుని, తోక ఎవరు, చెవులు ఎవరు అని వేలుపెట్టి వెతుక్కునేది.

స్కూల్లో ఆడ టీచర్లు సరిగ్గా తొమ్మిదిమంది. ఒక్కొక్కరిని ఫొటో తీసి, కంప్యూటరులో అతికించి ఏనుగుని చేద్దామనీ, మన్మథుడి చోట సుబ్బరత్నం గారిని కూర్చోబెడదామనీ, చెరకువిల్లుకి బదులు ఆవిడ చేతికి ఆరడుగుల ఎర్రసిరా పెన్ను ఇద్దామనీ తులసి చెప్పేసరికి, శాలువా మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఇంగ్లీషు టీచరు బ్లెస్సీ అయితే, "కడుపు నాకిచ్చేయండి, ఇంకెవరూ సరిపోరు" అని ముందే సీటు ఖాయం చేసుకుంది.

ఆ శనివారం ఒంటిపూట బడి అయ్యాక అందరూ మేడ మీదకెక్కారు. పిట్టగోడకి తెల్ల దుప్పటి కట్టారు. తులసి రాత్రంతా పెన్సిలుతో వేసుకొచ్చిన బొమ్మ చేతిలో పట్టుకుని, నువ్విలా వంగు, నువ్వు ఆ కాలు ముందుకెయ్యి అంటూ ఒక్కొక్కరినీ నిలబెట్టింది. నలుగురు కాళ్లయ్యారు. పొడుగు జడ ఉన్న సోషల్ టీచరు తోకయింది. తల మాత్రం కంప్యూటర్ టీచరు మనోజ్ఞ. ఆమె పైట రెండు వైపులా చాపి దుప్పటికి పిన్నులు పెడితే చెవులొచ్చాయి. తొండం దగ్గరే చిక్కొచ్చింది. ఏనుగు తలగా ఉన్న మనిషి భుజాలు పట్టుకుంటే, తొండమయ్యే మనిషి నడుము విల్లులా వంచి, ఒక చెయ్యి కిందకి జార్చి, మణికట్టు దగ్గర మళ్లీ పైకి తిప్పాలి. ముగ్గురు ప్రయత్నించి నవ్వుతూ కూలబడ్డారు. చివరికి, "వేసినదానివి నువ్వేగా, నువ్వే వంగు" అని తులసినే తోశారు. మనోజ్ఞ ఆమెని వెనకనుంచి గట్టిగా పట్టుకుంది. "పడిపోతానేమో మనూ" అంటే, "నేనుండగా ఎలా పడతావే" అంది.

 తులసిదీ మనోజ్ఞదీ పదకొండేళ్ల స్నేహం. మొదట్లో ఏండీ అంటే ఏండీ అనుకునేవాళ్లు. ఒక ఏడు మనోజ్ఞకి కామెర్లొచ్చి రెండు నెలలు మంచాన పడితే, తులసి రోజూ పొద్దున్నే పథ్యం కూర, చారు క్యారియరులో పట్టుకెళ్లి ఇచ్చి, అక్కణ్నుంచి బడికొచ్చేది. ఆ రెండు నెలల్లో మీరు పోయి నువ్వొచ్చింది. ఫొటోలన్నీ కత్తిరించి అతికించే పని మనోజ్ఞ తీసుకుంది. పది రోజులు ప్రతి సాయంత్రం తులసి ఆమె పక్కన కుర్చీ వేసుకుని, ఈ మోచెయ్యి ఇంకొంచెం కిందకి, ఆ చీరంచు దీని వెనక్కి అని చెబుతూనే ఉంది. చివరి రోజు బొమ్మ పూర్తయ్యాక ఇద్దరూ చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నారు. ఫ్రేము కట్టించే పని తాను చూసుకుంటానంది మనోజ్ఞ.

వీడ్కోలు సభ బడి ఆఖరి రోజున పెట్టారు. వేదిక మీద సుబ్బరత్నం గారు, కరస్పాండెంటు గారు, ఆయన కోడలు ఉషశ్రీ కూర్చున్నారు. ఉషశ్రీ మూడు నెలల కిందటే వైస్ ప్రిన్సిపాల్‌గా చేరింది. జూన్ నుంచి సుబ్బరత్నం గారి కుర్చీ ఆమెదే. పిల్లల పాటలయ్యాయి, ఉపన్యాసాలయ్యాయి. ఇద్దరు ప్యూన్లు నాలుగడుగుల ఫ్రేము మోసుకొచ్చి నిలబెట్టారు. సుబ్బరత్నం గారు దాని మీది గుడ్డ లాగారు.

పిల్లలు ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత విరగబడి నవ్వారు. "అదుగో బ్లెస్సీ టీచరు", "తోక చూడరా తోక" అంటూ ముందు వరసలవాళ్లు లేచి నిలబడ్డారు. సుబ్బరత్నం గారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. తులసి మూడో వరసలో ఉంది. ఆమెకి ముందు కనిపించింది వెలుగు. ఏనుగు మొత్తానికి వెలుగు ఎడమ నుంచి పడుతోంది, తొండం ముఖం మీద మాత్రం కుడి నుంచి పడుతోంది. ఇంత తప్పు మేమెలా చేశాం అనుకుంది. ఆ తర్వాత తొండం చివర చెయ్యి చూసింది. చూపుడువేలు గోరు వంకర, చిన్నప్పుడు ఉలి తగిలి అలా పెరిగిన గోరు. చెయ్యి తనదే. వంగిన నడుము తనదే, ఆకుపచ్చ చీర తనదే. ఆ మెడ మీద ఉషశ్రీ ముఖం చిరునవ్వు నవ్వుతోంది.

ఇంత అందమైన ఆలోచన ఎవరిదమ్మా అని సుబ్బరత్నం గారు మైకులో అడిగారు. మనోజ్ఞ వేదికెక్కి మైకు అందుకుంది. అది అందరిదీననీ, అయితే ముందుండి నడిపించింది ఉషశ్రీ మేడం గారేననీ చెప్పింది. ఉషశ్రీ కొంచెం ఇబ్బందిగా కదిలింది గానీ కాదనలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. తులసి కూడా కొట్టింది. తన చేతులు చప్పట్లు కొడుతున్న సంగతి ఆమెకి కాసేపటికి గానీ తెలియలేదు.

భోజనాలప్పుడు ఆమె కంప్యూటర్ ల్యాబుకి వెళ్లింది. మనోజ్ఞ ఒక్కతే ఉంది. తులసిని చూడగానే లేచి నిలబడి, తనే ముందు మాట్లాడింది.

"నాకు తెలుసు తులసీ, నీకు కోపమొస్తుందని. కరస్పాండెంట్ గారు పిలిచి చెప్పారు. వాళ్ల కోడల్ని పెట్టి నిన్ను తీసెయ్యమన్నారు. నేనేం చెయ్యను చెప్పు?"

"నాకు చెప్పొచ్చుగా?"

"ఎలా చెప్పనే? నోరు రాలేదు."

"అడిగితే ఒప్పుకునేదాన్నే మనూ."

"అందుకే కదా అడగలేదు" అని మనోజ్ఞ ఏడ్చింది. మాట పూర్తిగా అర్థం కాకపోయినా, ఎదుటి మనిషి ఏడుస్తుంటే తులసి చూస్తూ ఊరుకోలేకపోయింది. ఉద్యోగం ఎవరికైనా ఉద్యోగమే కదా, పెద్దాయన మాట కాదనడం ఎవరి తరం అని తనే సర్దిచెప్పింది. మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఇంటికెళ్లేటప్పుడు బస్సులో కూర్చుని, పోనీలే, నా ముఖం లేకపోతే ఏనుగు ఆగిపోలేదుగా అని తనకి తను చెప్పుకుంది. ఇబ్రహీంపట్నం దాటేసరికి కొంచెం నమ్మింది కూడా.

మర్నాడు బ్లెస్సీ కొండపల్లి వచ్చింది. ఎప్పుడూ రాని మనిషి ఎండలో ఆటో దిగి, తులసి వాళ్లమ్మ ఇచ్చిన మజ్జిగ తాగకుండా పక్కన పెట్టింది. నిన్న సభలో నీ ముఖం చూశాక నాకు నిద్ర పట్టలేదని చెప్పి, ఫోను తీసి తులసి చేతిలో పెట్టింది. అందులో ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ఎనిమిదిమంది ఉన్నారు, తులసి లేదు. సభకి వారం ముందు మనోజ్ఞ పెట్టిన మెసేజి అది.

'కరస్పాండెంట్ సార్ ఉషశ్రీ మేడంని కూడా బొమ్మలో పెట్టమన్నారు. ఎక్కడైనా పర్లేదు అన్నారు. మేడం అయితే పైన హెచ్చెమ్ గారి పక్కన నిలబడతానన్నారు. కానీ అది బాగోదు. తొండంలో పెడదాం, అందరికీ కనబడతారు. తులసిని తీసేద్దాం. డ్రాయింగు వచ్చే ఏడు ఉంటుందో లేదో ఎలాగూ తెలీదు. తనకి నేను చెప్తాలే.'

కింద ఏడు బొటనవేళ్లు ఉన్నాయి.

"అందులో ఒకటి నాది" అంది బ్లెస్సీ. "మర్నాడు చెప్పావా అని మనోజ్ఞని అడిగాను. చెప్పాను, ఒప్పుకుంది, తనకి అసలు బొమ్మలో ఉండటం సిగ్గంట అంది. నేను నమ్మాను తులసీ. నమ్మడం తేలిగ్గా ఉంది కాబట్టి నమ్మాననుకుంటా."

తులసి ఆ మెసేజి మూడుసార్లు చదివింది. కరస్పాండెంటు తనని తీసెయ్యమనలేదు. ఉషశ్రీ తన చోటు అడగలేదు. పది సాయంత్రాలు పక్కన కూర్చోబెట్టుకుని, ఈ మోచెయ్యి సరిపోయిందా తులసీ అని అడిగిన మనిషే ఒక్క వాక్యంలో తనని ఎత్తి పక్కన పెట్టింది. ఎవరూ అడగకుండానే పెట్టింది. నిన్న తన భుజం మీద తల పెట్టి ఏడ్చింది కూడా ఆ మనిషే. తాను తెచ్చిచ్చిన మంచినీళ్లు గుర్తొచ్చి తులసికి ఒళ్లంతా సిగ్గుతో మండింది. మోసపోయినందుకు కాదు, మోసం చేసినదాన్ని ఓదార్చినందుకు.  బ్లెస్సీ వెళ్లాక దొడ్లోకెళ్లి, రంగు డబ్బాల మధ్య కూర్చుని ఏడ్చింది.

ఆదివారం సుబ్బరత్నం గారు ఫోను చేసి ఇంటికి రమ్మన్నారు. విద్యాధరపురంలో ఆవిడ ఇంటి హాల్లో, సోఫా ఎదురుగా ఆ ఫ్రేము వేలాడుతోంది. తులసి దానికి వీపు పెట్టి కూర్చుంది. ఆవిడ కాఫీ ఇచ్చి, కాసేపు అవీ ఇవీ మాట్లాడారు.

"ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. నా మీద నీకేమైనా కోపముందా అమ్మా?"

తులసి తెల్లబోయింది.

"నువ్వు బొమ్మలో లేవేంటని మనోజ్ఞని అడిగాను. ఎంత బతిమాలినా నువ్వు ఒప్పుకోలేదంది. ఆ ఏడు మీ నాన్నగారి ఆపరేషనుకి నేను సెలవు ఇవ్వలేదు కదా, అది మనసులో పెట్టుకున్నావేమో అనిపించింది. రెండు రోజులుగా అదే ఆలోచన."

ఎవరికీ ఏమీ చెప్పకూడదనుకుని వచ్చింది తులసి. కానీ ఈ అబద్ధం తనొక్కతెతో ఆగలేదు, ఈ పెద్దావిడ గుండెల్లో కూడా ముల్లులా దిగింది. అందుకని చెప్పింది. తాత పెట్టె మూత దగ్గర మొదలుపెట్టి, మేడ మీద దుప్పటి, పది సాయంత్రాలు, బ్లెస్సీ ఫోను దాకా ఏదీ దాచకుండా చెప్పింది. 

"ముప్ఫై ఏళ్లు పిల్లల అబద్ధాలు పట్టుకున్నాను" అన్నారు సుబ్బరత్నం గారు చివరికి. "టీచరు చెబితే మాత్రం అడక్కుండా నమ్మేశాను."

ఆవిడ మనోజ్ఞకి ఫోను చెయ్యబోతే తులసి వద్దంది. బొమ్మ తీసెయ్యమంటావా అని ఆవిడ అడిగారు. తులసి వెనక్కి తిరిగి దాన్ని చూసింది. మనోజ్ఞ చేతులు ఇంకా తన భుజాల్ని అలాగే గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

"నాకు తెలీదు మేడం. మీ ఇష్టం" అంది.

వేసవి అంతా మనోజ్ఞ నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. తులసి ఎత్తలేదు. సెలవుల మధ్యలో సుబ్బరత్నం గారే ఏదో అన్నారు కాబోలు, ఒక పొడుగాటి మెసేజి వచ్చింది. అందులో క్షమించమని ఉంది, తన పిల్లాడి ఫీజు మాఫీ సంగతి ఉంది, ఉషశ్రీ దగ్గర మంచి అనిపించుకోవాలన్న భయం ఉంది. అవన్నీ నిజమేనని తులసికి తెలుసు. ఆ భయం తనతో చెప్పుకుని ఉంటే ఇద్దరూ కలిసి భయపడేవాళ్లు. జవాబు రాయడానికి రెండుసార్లు మొదలుపెట్టి చెరిపేసింది.

జూన్‌లో బడి తెరిచారు. డ్రాయింగు తీసెయ్యలేదు, వారానికి రెండు పీరియడ్లు తగ్గించారంతే. మొదటి రోజు మధ్యాహ్నం స్టాఫ్ రూము ఖాళీ అయ్యేదాకా ఆగి, మనోజ్ఞ వచ్చి తులసి ఎదుట నిలబడింది. చిక్కిపోయింది. ఎప్పటిలాగే తులసికి ముందు అన్నం తిన్నావా అని అడగబుద్ధయింది.

"నాతో ఇంక మాట్లాడవా తులసీ?"

తులసి దిద్దుతున్న పుస్తకం మూసి, పెన్ను దాని మీద పెట్టింది. ఆమె గొంతులో కోపం లేదు. ఎవరైనా వింటే మర్యాదగానే మాట్లాడుతోందనుకుంటారు.

"ఎందుకు మాట్లాడనండీ? చెప్పండి, మీకేం కావాలి?"

 మనోజ్ఞ ఏమీ లేదండీ అనేసి వెళ్లిపోయింది. బయట బెల్లు కొట్టారు. తులసి సుద్దముక్కల డబ్బా తీసుకుని ఆరో తరగతికి బయల్దేరింది. మెట్లెక్కుతుంటే కళ్లకి ఏమీ ఆనక, ఒకసారి గోడ పట్టుకుని ఆగింది.