మధ్యాహ్నపు రంగు

ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే సంస్థలో కోడలు ఉద్యోగి. మామగారు అదే సంస్థలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఇంట్లో ఇద్దరూ కూరలో ఉప్పు చాలిందో లేదో పట్టించుకోరు గానీ, ఆకు ఈనెల గురించి మాత్రం కంచాల ముందు చేతులు ఎండిపోయేదాకా వాదించుకుంటారు.

మామగారి పుస్తకం సోమవారం అచ్చుకు వెళ్తోంది. పరాయి నేలల నుంచి వచ్చి, ఎవరూ నీళ్లు పోయకపోయినా ఈ ఊళ్లో పాతుకుపోయిన మొక్కల జాబితా అది. నాలుగు వందల మొక్కల్లో ఒకే ఒక్కదాని పక్కన 'ఇక్కడ మొదట గుర్తించినవారు' అని ఆయన పేరుంది. పాత గోదాము గోడకు అల్లుకున్న మార్నింగ్ గ్లోరీ తీగ, గులాబీ రకం. ఆ ఒక్క ముక్క కోసమే ఇంత పుస్తకం రాశారని అత్తగారు వేళాకోళమాడుతుంది. అందులో అబద్ధమేమీ లేదు.

శుక్రవారం పొద్దున్నే బస్సు తప్పిపోయి కోడలు గోదాము మీదుగా నడిచింది. గోడంతా నీలం. దగ్గరికెళ్లి పువ్వు అడుగున పచ్చని రక్షకపత్రాలు చూసింది. గులాబీ రకానికి అవి పొట్టిగా, గరుకు నూగుతో ఉండాలి. ఇవి పొడుగ్గా, కొనదేలి, మెత్తగా ఉన్నాయి. గింజలు ఎక్కడా పట్టలేదు. నేలను తాకిన కణుపులకల్లా వేళ్లు దిగాయి. అనుమానం లేదు, ఇది నీలి రకం. దాన్ని మామగారితో పనిచేసిన ఒకాయన ఎప్పుడో నమోదు చేసేశాడు.

పొరపాటు ఎలా జరిగిందో మధ్యాహ్నం మళ్లీ వెళ్తే తెలిసింది. పువ్వులన్నీ ముడుచుకుని గులాబీ రంగుకు తిరిగాయి. మామగారిది పదింటి ఆఫీసు, భోజనాల వేళకు గానీ అటు వెళ్లేవారు కాదు. వాడిన పువ్వునే కోసి, అట్టల మధ్య నొక్కి, రంగు గులాబీ అని రాసుకున్నారు. ఎంత చదివినా పొద్దున్నే లేవడం వేరే విద్య.

తను నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదని కోడలికి తట్టింది. ఆ మనిషంటే ఆమెకు ప్రాణం. శనివారం తెల్లవారుతుండగా ఆయన్ని లేపి, "మామయ్యా, గోదాము దాకా నడుద్దాం రండి," అంది.

ఆయన ఒక పువ్వు తిరగేసి, రక్షకపత్రాలను వేళ్ల మధ్య నలిపి చూశారు. చాలాసేపు చూశారు.

"ఎవరికైనా చెప్పావా అమ్మాయ్?"

"లేదు మామయ్యా."

దాచెయ్యమంటారేమోనని ఆమె భయపడింది. అంటే కాదనగలనన్న నమ్మకం ఆమెకు లేదు.

"చెప్పకు. నేనే చెప్తాను. నువ్వు చెబితే ముసలాడికి తెలీదంటారు. నేను చెబితే తెలుసుకున్నాడంటారు."

ఆమె నవ్వబోయి ఆగింది. ఆయన నవ్వడం లేదు.

ఇంటికొచ్చి ప్రూఫు కాగితాల్లో 'గులాబీ'ని 'నీలి'గా దిద్ది, తన పేరు కొట్టేసి, ఆ పాత సహోద్యోగి పేరు ఇంటిపేరుతో సహా పొల్లుపోకుండా రాశారు. కలం మూసి, నాలుగు వందల మొక్కల ప్రూఫు కట్టంతా కోడలి ముందుకు తోశారు.

"ఇంకెన్ని ఉన్నాయో చూడమ్మా."