పాప గొంతుతో

నాకు నోటి దురుసు ఎక్కువే, కాదనను. ఎవరొచ్చి పిల్లని ఎలా పెంచాలో చెప్పినా నాలుగు తగిలించి పంపేదాన్ని. ఆవిడ దగ్గర మాత్రం నా నోరు లేచేది కాదు.

పసిపిల్లలున్న ఇళ్ళకి వారం వారం వచ్చి, తల్లీ పిల్లా ఎలా ఉన్నారో చూసి వెళ్ళే ఉద్యోగం ఆవిడది. అక్కా అని పిలిచేదాన్ని. రాగానే చేతులు కడుక్కుని, చాప మీద చతికిలబడి, పాపని ఒళ్ళో వేసుకుని దాని తరఫున మాట్లాడేది. "అమ్మా, నాకు ఆకలి కాదే, నిద్రొస్తోంది. ఊరికే పాలు పట్టెయ్యకే" అని సన్నగొంతు పెట్టి. మొదట్లో ఇదేం చోద్యమో అనుకున్నాను. తర్వాత ఆవిడ లేనప్పుడు నేనూ అలాగే పాప గొంతుతో మాట్లాడేదాన్ని. పాప ఏ ఏడుపు ఎందుకో అలాగే తెలిసొచ్చింది.

అందుకే ఆవిడకి చెప్పాను. ఒక మధ్యాహ్నం పాప గుక్కపట్టి ఏడుస్తుంటే నా వల్ల కాక, ఉయ్యాల్లో వేసి, తలుపు దగ్గరగా లాగి, వీధి చివరిదాకా పోయి వచ్చానని. చెప్తూ వెక్కివెక్కి ఏడ్చాను. ఆవిడ నా వీపు నిమిరింది. "ఇది మన మధ్యే ఉంటుంది, సరేనా?" అంది.

నిన్న వచ్చింది. వెనకాల వాళ్ళ ఆఫీసరు, ఆయన వెనకాల మా అత్తయ్య, చేతిలో ఖాళీ సంచీ. మొదటినుంచీ పాపని తనే పెంచాలని అత్తయ్యకి ఉంది. మా ఆయన పొద్దున్నే తలనొప్పని పని ఎగ్గొట్టి ఇంట్లోనే ఉన్నాడు. అంటే అందరికీ తెలుసు, నాకు తప్ప.

ఆవిడ ఎప్పటిలాగే చేతులు కడుక్కుని చాప మీద కూర్చుని చేతులు చాపింది. వెర్రిమొహాన్ని, పాపని నేనే అందించాను.

"అమ్మా, బాగా అలిసిపోయావు కదే. నేను కొన్నాళ్ళు నానమ్మ దగ్గరుంటాను" అంది సన్నగొంతుతో.

ఒళ్ళు మండిపోయింది నాకు. అత్తయ్య అప్పటికే పాప గౌన్లు సంచీలో కుక్కుతోంది.

"పై వాళ్ళకి చెప్పక తప్పదంటే చెప్పావు, సరే. మన మధ్యే అని నన్నెందుకు నమ్మించావక్కా? పోనీ, ఇప్పుడన్న మాటైనా నీ గొంతుతో అను."

పాప ఏడుపందుకుంది. ఆవిడ భుజాన వేసుకుని జో కొట్టింది.

"అది నిద్ర ఏడుపు కాదు, ఆకలిది. నువ్వే కదా నేర్పావు" అన్నాను.

నా వైపు చూడకుండా లేచి, పాపని అత్తయ్య చేతుల్లో పెట్టింది.