వదలొద్దన్న బుట్ట

మా ఇంట్లో అద్దెకు దిగే విదేశీయులందరికీ ఒకటే గోల, ఏనుగు ఎప్పుడు కనిపిస్తుందని. మాకేమో అది కనిపించకుండా ఉంటే చాలు. ఐలా, తౌనో అనే ఆ ఫిన్లండ్ దంపతులు వేడి దేశంలో అడుగుపెట్టడం అదే మొదటిసారట. పనసకాయ చెట్టు మొదట్లోనే కాస్తుందంటే ఐలా నమ్మలేదు, వెళ్లి కాయను తట్టి మరీ చూసింది. గోడమీది బల్లికి పేరు పెట్టింది. వాన పడితే మొగుడూ పెళ్లాలిద్దరూ పెరట్లో నిలబడి తడిశారు. చలి వెయ్యని వాన జన్మలో చూడలేదట. కారం కొబ్బరి పచ్చడి తిని తౌనో కళ్లనీళ్లు పెట్టుకుంటే నాకే జాలేసి గేదె పెరుగు వేశాను. మనుషులు మంచివాళ్లే. కానీ ఆ రోజు వాళ్ల ముచ్చట్లు వినే ఓపిక నాకు లేదు.

ఆ రోజు మా అమ్మాయి ఇరేషాకు ఆపరేషన్. కడుపులో బిడ్డ అడ్డం తిరిగింది, రక్తపోటు దిగడం లేదు. తల్లికైనా బిడ్డకైనా మాట ఇవ్వలేనని డాక్టరమ్మ మొహం మీదే చెప్పేసింది. అల్లుడు ఆసుపత్రిలో ఉన్నాడు. నేను కతరగామ దేవుడికి మొక్కుకున్నాను, పిల్లను కత్తి కిందికి తీసుకెళ్లేలోగా పగటి పూజలో నా పెరటి పండ్లు నా చేత్తో సమర్పిస్తానని. ఇరేషా పుట్టిన ఏడు నాటిన మామిడి, అనాస, దానిమ్మ, ఒక అరటి అత్తం. అన్నీ వెదురు బుట్టలో సర్ది ఎర్రగుడ్డ కప్పాను. ఊపిరి తగలకూడదని నోటికి గుడ్డ కట్టుకున్నాను. దేవుడి పండ్లు వాసన చూసినా పాపమే.

బస్సులో ఆ మడి సాగదు. మా తమ్ముడు సోమదాస ఆ దంపతులను తన వ్యానులో కతరగామకే తీసుకెళ్తున్నాడు కదా, నేనూ వస్తానన్నాను. బుట్ట చూసి వాడు నీళ్లు నమిలాడు.

"అక్కా, ఆ అడవి దారిలో పండ్లు పెట్టుకుని ఎవరన్నా పోతారా? రాలహామి ముక్కు సంగతి తెలీదా నీకు?"

రాలహామి అంటే మావైపు పోలీసాయన. దారికి అడ్డంగా నిలబడి వచ్చేపోయే బళ్ల దగ్గర మామూళ్లు వసూలు చేసే ఒంటరి ఏనుగుకు డ్రైవర్లు పెట్టిన పేరది. పండ్లు విసరొద్దని బోర్డులున్నాయి. భయంతో కొందరు, పుణ్యమని కొందరు విసిరి విసిరి దానికి ఆ పాడలవాటు చేశారు. నేనేం తక్కువ తినలేదు, నేనూ విసిరినదాన్నే. అయినా దేవుడి పండ్ల జోలికి అది రాదులే, బండి తియ్ అన్నాను.

నాకు వ్యాను పడదు, ఎప్పుడు వాంతవుతుందో తెలియదు. ఆ నోటితో బుట్ట పట్టుకోకూడదు గనక వెనక సీటులో కిటికీ పక్కనున్న ఐలా ఒళ్లో పెట్టాను. సోమదాస చేత ఇంగ్లీషులో చెప్పించాను: "ఇది నా కూతురి ప్రాణం. ఏమొచ్చినా వదలొద్దు." ఐలా తల ఊపి, బుట్టను రెండు చేతులా గుండెకు హత్తుకుంది.

దారిలో పెద్ద ఉడుము రోడ్డు దాటుతోందని తౌనో బండి ఆపించాడు. అది ఎంత తీరిగ్గా నడిచిందో ఆయన అంత తీరిగ్గా ఫొటోలు తీశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అడవి మొదట్లో సోమదాస మళ్లీ బ్రేకు వేశాడు. అక్కడ ఒక చెట్టు నిండా ఆకుకొమ్మలు వేలాడుతుంటాయి. అడవిలోకి వెళ్లే ప్రతివాడూ కొమ్మ తుంచి అక్కడ తగిలించి వినాయకుడి అనుమతి అడుగుతాడు. కతరగామ దేవుడికి ఆయన సొంత అన్న.

"పూజ వేళవుతోంది. వచ్చేటప్పుడు తగిలిద్దువుగానీ, పోనీ" అన్నాను.

వాడు నా వంక అదోలా చూశాడు గానీ, బండి మాత్రం కదిలించాడు.

ఎంతో దూరం పోలేదు. ముళ్లపొదలు కదిలాయి, రాలహామి రోడ్డు మధ్యకు వచ్చి నిలబడ్డాడు. దంతాలు లేవు గానీ మనిషిని చంపడానికి అవేం అక్కర్లేదు. వెనక అప్పటికే ఒక లారీ వచ్చి ఆగింది, మేము వెనక్కి పోయే దారి లేదు. ఎవరూ కదలొద్దని సోమదాస గుసగుసగా చెప్పాడు. ఏనుగు వ్యానును రాసుకుంటూ పక్కకు వచ్చింది. ఐలా పక్కనున్న కిటికీ అద్దం ఎప్పుడో బిగుసుకుపోయింది, మూసుకోదు.

తొండం లోపలికి వచ్చింది. ముందు ఐలా జుట్టు తడిమింది, తర్వాత భుజం, తర్వాత ఎర్రగుడ్డ. బుట్టనూ ఆవిడ మోచేతినీ కలిపి చుట్టి లాగింది. ఐలా భుజం వెళ్లి కిటికీ అంచుకు కొట్టుకుంది. తౌనో ఆవిడ నడుము పట్టుకుని ఏదో అరుస్తున్నాడు, సోమదాస వదిలెయ్యమ్మా వదిలెయ్ అని మొత్తుకుంటున్నాడు. ఐలా వదల్లేదు. మొహం పాలిపోయి, పెదవి కొరుక్కుని, ఆవిడ నా వైపే చూస్తోంది. నా మాట కోసం చూస్తోంది.

కళ్లముందు ఆసుపత్రి బల్లమీద ఇరేషా కనిపించింది. ఇంకాస్త పట్టుకుంటే ఏనుగే విసిగి వెళ్లిపోతుందేమో అనిపించింది. పరాయి ఆడమనిషి చెయ్యి విరుగుతుంటే నేను కూర్చుని దేవుడితో బేరమాడుతున్నాను. ఐలా చేతిలోంచి పుటుక్కుమని చప్పుడైంది.

"వదిలెయ్ తల్లీ! నా పిల్లను ఆ దేవుడే చూసుకుంటాడు, నువ్వు వదిలెయ్!"

నేను మా భాషలోనే అరిచాను, అయినా ఆవిడ చేతులు విప్పేసింది. బుట్ట రోడ్డు మీద పడింది. ఇరేషా మామిడి నుంచి మొదలుపెట్టి రాలహామి తాపీగా తినసాగాడు. సోమదాస వ్యానును ముందుకు ఉరికించాడు.

విరిగింది ఎముక కాదు, వెదురు. మోచెయ్యి మాత్రం వాచి చర్మం లేచిపోయింది. ఐలా ఏడుస్తూ ఒకే మాట పదే పదే అంటోంది. ఏమంటోందని సోమదాసను అడిగాను.

"నువ్వు అప్పగించింది కాపాడలేకపోయిందట. నిన్ను క్షమించమంటోంది."

సిగ్గుతో చచ్చిపోయాను. వెనక సీటులోకి వెళ్లి నా కొంగు చింపి ఆ చేతికి కట్టు కట్టాను. అప్పుడు చూశాను, ఆవిడ పిడికిట్లో బుట్ట వెదురు ముక్క ఒకటి ఇంకా ఉంది.

గుడికి చేరేసరికి గంట మోగుతోంది. బయట అంగళ్లలో పండ్ల బుట్టలకేం కొదవ లేదు గానీ, కొన్నవాటితో తీరే మొక్కు కాదు నాది. ఐలాను పట్టుకుని వట్టి చేతులతో వరసలో నిలబడ్డాను. బుట్ట ఏదమ్మా అని పూజారి అడిగాడు. ఐలా పిడికిట్లోని వెదురు ముక్క చూపించాను. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"స్వామికి చెప్పండయ్యా. ఆ పండ్లు వాళ్ల అన్నగారు దారిలో ఆపి తిన్నారు. ఆయన్ను అడక్కుండా వచ్చాను, తప్పు నాదే. అన్నదమ్ములు వాళ్లూ వాళ్లూ తేల్చుకోవాలి గానీ, మధ్యలో నా పిల్లను పెట్టొద్దని చెప్పండి."

పూజారి నవ్వలేదు. ఆ ముక్కను తీసుకుని మిగతా బుట్టల మధ్య పెట్టి లోపలికి తీసుకెళ్లాడు.

పూజ ముగిశాక గుడి బయట ఇసుకలో కూలబడ్డాం. తౌనో ఏనుగు వచ్చినప్పటి నుంచి కెమెరా ముట్టలేదు. ఎండ నడినెత్తికి వచ్చాక సోమదాస ఫోను మోగింది. వాడు లేచి నిలబడి విన్నాడు, విని మోకాళ్ల మీద పడ్డాడు.

"ఆడపిల్ల అక్కా. ఇద్దరూ బాగున్నారు. ఇదిగో, అల్లుడు పాప ఏడుపు వినిపిస్తున్నాడు, పట్టుకో."

ఫోను అందుకున్నాను. చెవిదాకా తెచ్చి ఆగాను. ఐలా వాచిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఏమైందో అర్థంకాక నా మొహంలోకే చూస్తోంది. ఫోను ముందు ఆవిడ చెవికి ఆనించాను.