సార్ సెట్టింగు

అయితే ఇక తెలుపు ఆయనకు తెలుపుగానే కనిపిస్తుంది, చిక్కంతా అక్కడే, అనుకుంటూ నవత నాంపల్లి మెట్రో మెట్లు దిగింది. కంట్లో పొర ఉంటే టీ గ్లాసులోంచి లోకాన్ని చూసినట్టు ఉంటుందట. ఎక్కడో ఆ మాట చదివినప్పటి నుంచి, దారిలో కనపడ్డ ప్రతిదాన్నీ తన యజమాని శ్యామ్‌సుందర్ కన్నుతో చూడటం ఆమెకు ఆటయిపోయింది. ఈ పెద్దాయన తెల్ల చొక్కా ఆయనకు ఉతకని చొక్కా. ఆ నీలం చీర ఆయనకు కాస్త ఆకుపచ్చ. అబిడ్స్ దాకా నడకంతా ఇదే పని. తన కన్నుతో తాను ఏం చూసిందో సాయంత్రం ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది.

శ్యామ్‌సుందర్‌ది చిరాగ్ అలీ లేన్‌లో డిజిటల్ ప్రెస్సు. పెళ్లి కార్డులు, ఓణీల ఫంక్షన్ కార్డులు వేస్తారు. నవత అక్కడ కలర్ ఆపరేటర్. మొదటి షీటును ఆయన గుమ్మం దగ్గర వెలుతురులో పట్టుకుని చూసి ఓకే అంటేనే మిగతావి మెషిన్ ఎక్కాలి. "మీటర్లు గీటర్లు మనకెందుకు? నా కన్నే మీటర్" అనేవాడు. రెండేళ్ల కిందట ఆ మీటరు దారి తప్పింది. ఏ షీటు చూసినా ఒకటే మాట: "పసుపెక్కువైంది. జర తగ్గించు." తగ్గిస్తే ఎర్ర గులాబీలు వంకాయ రంగుకు తిరిగాయి, పెళ్లికూతురు చలికి వణుకుతున్నట్టు వచ్చింది. ఆయన మాత్రం "గిట్లుండాలె!" అని మురిసిపోయాడు. ఆ మురిపెం చూశాక నిజం చెప్పడానికి నవతకు నోరు రాలేదు.

అందుకని కంప్యూటర్‌లో రెండు సెట్టింగులు దాచింది. ఒకదాని పేరు 'సార్', రెండోదాని పేరు 'గిరాకి'. ఆయనకు చూపించే ఒక్క షీటు పసుపు తగ్గించిన మొదటిదానితో, గిరాకీల ఇళ్లకు వెళ్లే కార్డులన్నీ సరైన రంగులున్న రెండోదానితో. ఎవరికీ నష్టం లేదు. ఇది దయ అని పేరు పెట్టుకుంది. మరి దయ అయితే, ఆయన ఓకే అన్నప్పుడల్లా లోపల ఎవరో కిసుక్కున నవ్వడమెందుకు? ఆ నవ్వే మనిషి ముఖం చూడటానికి ఆమె ఎప్పుడూ వెనక్కి తిరగలేదు.

కుడి కంటికి ఆపరేషన్ అయ్యాక ఆయన దుకాణానికి రావడం ఇవాళే. నవత ఉపాయం తేలికైనదే. ఇవాళ్టి షీటు 'గిరాకి'తో తీసి చూపించాలి. ఆయన అటు వెళ్లగానే 'సార్'ను తీసేయాలి. అంతే, అయిపోయింది.

ఆయన నల్ల కళ్లద్దాలతో దిగాడు.

"హీరో లెక్కున్నరు సార్."

"విలన్ అను బిడ్డా, ఫికర్ లేదు. మా ఇంటామె జయమ్మ పొద్దుగాల గదే అన్నది." అద్దాలు తీసి గోడల వంక చూశాడు. "మా ఇంటి గోడలు తెల్లగున్నయ్, తెలుసా? క్రీము రంగేసిండని గా పెయింటర్‌తోని రెండేండ్ల సంది మాట్లాడ్తలేను."

షీటు తీసి చేతిలో పెట్టింది. ఆయన ఓ కన్ను మూశాడు. తర్వాత రెండోది మూశాడు.

"పాత కన్నేమో పసుపెక్కువంటది. కొత్త కన్ను ఫస్ట్‌క్లాస్ అంటది. నా తలకాయల రెండు పార్టీలున్నయ్."

"కొత్త పార్టీకే ఓటెయ్యుండ్రి సార్."

"ఔ. ఓకే!"

గండం గడిచింది. ఊపిరి పీల్చుకుంది కానీ, లోపలి మనిషి ఈసారి నవ్వలేదు. అదే కాస్త వెలితిగా అనిపించింది.

శ్యామ్‌సుందర్ పసుపు డబ్బా అందుకున్నాడు. ఓకే అయిన షీటుకు నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి పటం దగ్గర పెట్టడం దుకాణం ఆనవాయితీ. నవతకు అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్లుగా ఆయన ఓకే అన్న షీట్లన్నీ ఎక్కడికి వెళ్లాయో. ఊరందరికీ సరైన కార్డులు వెళ్లాయి. దేవుడికి మాత్రం నీలం తిరిగిన కార్డులు చేరాయి.

చోటు కోసం ఆయన పటం వెనక చేయి పెట్టి పాత కట్ట లాగాడు. ఒకటి చూశాడు. ఇంకొకటి చూశాడు. వంకాయ రంగు గులాబీలు. మూలల్లో రాసిన పసుపొక్కటే పసుపుగా ఉంది.

"గివి మనయేనా?"

"మనయే సార్."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. "నేనే ఓకే అన్న గదా అన్నిటికి. గిసొంటి కార్డులు పంచినమా బిడ్డా ఇంటింటికి? లక్ష్మీనర్సమ్మ గారి మనవరాలిది చూడు, పిల్ల ముఖం ఎట్లున్నదో! ఒక్క మాటనలే ఆ పెద్దమనిషి." ఫోను తీసి నవత చేతిలో పెట్టాడు. "ఆమె నంబర్ కలుపు. మాఫీ అడుగుత. తర్వాత ఒక్కొక్కరికి చేద్దాం."

ఫోను వేడిగా ఉంది. కలిపితే ఆయన బంగారంలాంటి కార్డులకు క్షమాపణ చెబుతాడు. జనం తెల్లబోతారు. ఆయన ఇక తన కన్నును ఎన్నటికీ నమ్మడు. నిజం చెప్పేస్తే కార్డులన్నీ మంచివైపోతాయి, ఆయన ఓకేలన్నీ ఉత్తవైపోతాయి. ఏది ఎక్కువ నొప్పి? అలవాటు కొద్దీ ఆయన కన్నుతో చూడబోయింది. కుదరలేదు. ఎదురుగా ఉన్నది తన కన్నుకే కనిపిస్తోంది. ఆ నీలం షీటును మోకాలి మీద సాపు చేస్తూ, తడవకూడదని డాక్టర్ చెప్పిన కన్నును తడుపుకుంటున్న మనిషి. నవ్వే మనిషి ముఖం కూడా అప్పుడే కనిపించింది. అది తనదే.

"కలిసిందా?" అన్నాడు ఆయన.

నవత ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది. 'సార్', 'గిరాకి' అని రెండు సెట్టింగుల పేర్లున్న పేజీ తెరిచి, మానిటర్‌ను మెల్లగా ఆయన వైపు తిప్పింది.