ముగ్గురిలో ఇద్దరు చెప్పిన దారి

విమానాశ్రయంలో వరుస తప్పించుకోవడానికి భర్త పన్నిన ఉపాయమే ఈ అవస్థకంతటికీ మూలమని లెక్చరరమ్మ తేల్చుకుంది. మోకాళ్ళు నిక్షేపంలా ఉన్న తన చేతికి ఆయన కర్ర తగిలించాడు. దాంతో చక్రాల కుర్చీ దొరికింది. తిరుగు ప్రయాణానికీ పనికొస్తుందని ఆ కర్రను ఇక వదలనివ్వలేదు.

మొదటిసారి పరదేశానికి ఆమె వచ్చింది ఒక్క ఆకును చూడడానికి. ఒకానొక కొండమొక్క ఆకు అడుగున నూగు ఉండదని ముప్ఫై ఏళ్ళ కిందట తన వృక్షశాస్త్ర పాఠ్యపుస్తకంలో రాసింది. ఉంటుందని పూర్వవిద్యార్థిని ఒకతె ఈమధ్య ఉత్తరం రాసింది. ఆ మొక్కకు తొలిసారి పేరు పెట్టినప్పటి ఎండు నమూనా ఈ ఊరి మ్యూజియంలోనే భద్రంగా ఉంది. చూడనిచ్చేది ఈ ఒక్కరోజు, పన్నెండు గంటలవరకే. పుస్తకం కొత్త ముద్రణేమో వచ్చేవారం అచ్చుకు పోతోంది.

పదిన్నరకు కూడలిలో నిలబడి ఆయన తన సిద్ధాంతాన్ని అమలుపరిచాడు: దారి ముగ్గురిని అడగాలి, ఇద్దరు చెప్పినవైపు పోవాలి. పూలమ్మే ఆమె, తపాలా ఉద్యోగి లెక్చరరమ్మ చేతిలోని కర్రను చూసి జాలిపడి ఎడమవైపున్న బస్ స్టాపు చూపారు. కుక్కను తిప్పుతున్న మనిషి మాత్రం ఎదురుగా ఉన్న మెట్లు చూపాడు.

"మ్యూజియంవాళ్ళు పంపిన ఫోటోలో మేడ ఇలాగే మెట్ల పైన ఉందండీ. మెట్లెక్కుదాం."

"ఇద్దరొకటి చెప్తే ఒక్కడి మాట వింటామా? నీదంతా చాదస్తం!"

"ఇదేమన్నా ఎన్నికలా, లెక్కపెట్టడానికి?"

అంతలో బస్సు వచ్చింది. అనుమతి పత్రమున్న సంచితో సహా ఆయన ఎక్కేశాడు. ఆమెకు ఎక్కక తప్పలేదు. బస్సు ఊరంతా ప్రదక్షిణ చేసింది. ప్రతి స్టాపులోనూ జనం తోసుకోకుండా, మాట్లాడుకోకుండా, తీరిగ్గా ఎక్కారు. ఆ మర్యాదకే ఆమెకు ఒళ్ళు మండింది.

"చూడవోయ్, చెత్తడబ్బాలు కూడా ఎంత శుభ్రంగా ఉన్నాయో!"

"చెత్తడబ్బాలు చూడ్డానికా నేనింత దూరం వచ్చింది?"

పదకొండూ నలభైకి బస్సు మ్యూజియం మేడ ముందు దింపింది. వెనక్కి తిరిగితే, బయలుదేరిన కూడలి మెట్ల కిందే కనిపించింది. పూలమ్మే ఆమె ఆప్యాయంగా చెయ్యి కూడా ఊపింది. లెక్చరరమ్మ కర్రను భర్త చేతిలో కుక్కి, సంచి లాక్కుని పరుగు తీసింది.

నమూనా తెచ్చిపెట్టేసరికి మిగిలింది పది నిమిషాలు. కాగితానికి అంటించిన మూడు ఆకుల్లో ఒకటి తిరగేసి ఉంది. భూతద్దం కింద, ఆకు ఈనెల వెంబడి, తెల్లని నూగు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. ఉంది. అప్పట్లో తాను చూసినవన్నీ నడివేసవిలో కోసిన ముదురాకులు. నూగు అప్పటికే రాలిపోయి ఉంటుంది. లేతాకులు కోయించకుండానే వాక్యం రాసేసింది.

ఆయన రొప్పుతూ వచ్చాడు. "ఏమైంది? నువ్వే కదా కరెక్టు?"

"కాదు. తప్పు నాదే."

"ఇక్కడెవరు చూశారు? ఊరుకో."

"నేను చూశానుగా!" అని విసుక్కుని ఆమె చెయ్యి చాచింది. "ఫోనిలా ఇవ్వండి. అచ్చువాళ్ళకు తర్వాత చెప్పచ్చు. ముందు ఉత్తరం రాసిన ఆ పిల్లకు చెప్పాలి."